కడిగాక మిగిలేది

మిల్లులో ‘ఏ’ షిఫ్టు భోంపు మోగడానికి ముందు, జంషెడ్‌పూర్‌లోని మా గోల్‌మురిలో కాసేపు ఏ చప్పుడూ ఉండదు. ఈమధ్య ఆ కాసేపట్లో ఒకే ప్రశ్న వచ్చి కూర్చుంటోంది. ఒక కణితిలోంచి కణాలన్నిటినీ కడిగేస్తే ఏం మిగులుతుంది?

క్యాన్సరంటే అదుపు తప్పిన కణాల గుంపని బడిలో చదువుకున్నదే. గుంపు పోతే చోటు ఖాళీ కావాలి. కానీ ప్రయోగశాలల్లో కడిగి చూసినవాళ్లకి చోటు ఖాళీగా కనిపించలేదు. ముక్క ముక్కలాగే ఉంది. రంగు పోయి, పాలిపోయి, నీళ్లలో నానిన కాగితంలా తయారైంది కానీ ఆకారం చెదరలేదు.

కడగడం కూడా పెద్ద మాయేమీ కాదు. ఆపరేషన్‌లో తీసిన కణితిలో, రోగనిర్ధారణకి కావలసింది తీసుకోగా మిగిలిన ముక్కని గడ్డకట్టించి కరిగిస్తారు. ఆ దెబ్బకి కణాల పొరలు పగులుతాయి. తర్వాత గంటలకొద్దీ, ఒక్కోసారి రోజులకొద్దీ, డిటర్జెంటు ద్రావణంలో తిప్పుతూ ఉంచుతారు. ఎక్కువగా వాడేది సోడియం డోడెసిల్ సల్ఫేట్. పొద్దున పళ్లు తోముకునేటప్పుడు నోట్లో నురగొచ్చేది చాలా పేస్టుల్లో దానివల్లే. కణాల పొరలు కొవ్వుతో అల్లినవి కనుక ఆ నురగకి కరిగిపోతాయి. లోపలి డీఎన్ఏ దారాలు జిగురులా అంటుకుని ఉంటే వాటిని తెంచడానికి ఒక ఎంజైము వేస్తారు. ఆ తర్వాత కడగడం, మళ్లీ కడగడం. ఎండబెట్టిన మిల్లీగ్రాము కణజాలంలో డీఎన్ఏ 50 నానోగ్రాముల లోపు ఉంటే కడగడం పూర్తయినట్టు. అంతకంటే తక్కువే ఉండాలని 2011 ప్రాంతంలో ఈ పనివాళ్లు ఒక కొలత పెట్టుకున్నారు.

మిగిలేది కొలాజెన్, లామినిన్, ఫైబ్రోనెక్టిన్ లాంటి ప్రోటీన్ల అల్లిక. కణాల చుట్టూ, కణాల మధ్యా ఉండేది. మాట్రిక్స్ అంటారు. కణాలే దాన్ని కట్టుకుంటాయి, కట్టుకున్నాక అందులో కాపురం చేస్తాయి.

ఒక సంగతి దగ్గర ఆగిపోతుంటాను. రొమ్ములో గడ్డని మొదట పసిగట్టేది చాలాసార్లు ఆ మనిషి వేలే. స్నానం చేస్తుంటే గట్టిగా ఏదో తగులుతుంది. ఆ గట్టిదనంలో ఎక్కువ పాలు కణాలది కాదట. కణాలు మెత్తనివి. కొలాజెన్ పోగులు పెరిగి, బిగుసుకుని, ఒకదాన్నొకటి పెనవేసుకోవడం వల్ల వచ్చిన గట్టిదనం అది. అంటే వేలు ముందుగా తెలుసుకుంటున్నది ఉన్నవాళ్లని కాదు, వాళ్ల ఇంటిని.

ఇల్లు అనగానే కంపెనీ క్వార్టర్లు గుర్తొస్తాయి. గోల్‌మురిలో పెరిగినవాళ్లకి అది తప్పదేమో.

1920లో ఇక్కడి టిన్‌ప్లేట్ కంపెనీ పుట్టింది, 1922 చివర్లో రేకు తయారవడం మొదలైంది. నూనె డబ్బాలకీ బిస్కెట్ డబ్బాలకీ తగరం పూసిన పల్చటి ఉక్కు రేకు. 1929లో ఇక్కడ జరిగిన పెద్ద సమ్మెకి సుభాష్ చంద్రబోస్ అండగా నిలిచాడు. 2024లో ఆ కంపెనీ టాటా స్టీల్‌లో కలిసిపోయింది. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఆ మిల్లులో చేరాడు, తర్వాత నాన్న. క్వార్టరు విచిత్రమైన ఇల్లు. ఉన్నన్నాళ్లూ మనదే, రిటైరైతే తాళం అప్పగించాలి.

అప్పగించాం. సున్నాలేసి ఇంకొకరికి ఇచ్చారు. ఛత్తీస్‌గఢ్ వాళ్లు. మాటా తిండీ పండగలూ అన్నీ వేరు. కొన్నాళ్లకి వాళ్లింట్లో బిడ్డ పుడితే చూడ్డానికి వెళ్లాం. ఉయ్యాల మా అమ్మ కొట్టించిన కొక్కేనికే వేలాడుతోంది. మా దేవుడు ఉన్న గూట్లోనే వాళ్ల దేవుడు. మంచం మేం వేసుకున్న వాలులోనే ఉంది. కిటికీ దగ్గర నానమ్మ కూర్చునే చోట వాళ్ల ముసలావిడ కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. అలా ఉండమని వాళ్లకి ఎవరూ చెప్పలేదు. వెలుతురు అక్కడ పడుతుంది కనుక అక్కడ కూర్చుంది, అంతే. అమ్మ తిరిగొచ్చేటప్పుడు దారిపొడుగునా ఏమీ మాట్లాడలేదు.

కణాలు కడిగేసిన కణితి అలాంటి ఇల్లు. కాకపోతే ఇందులో ముందున్నవాళ్లు గోడలు జరిపారు, కిటికీలు మూశారు, కొక్కేలు తమకి కావలసిన చోట దిగ్గొట్టారు. తర్వాత ఎవరొచ్చినా ఆ వాలులోనే బతకాలి. పరిశోధకులు చూడాలనుకుంటున్నది సరిగ్గా అదే. కొత్త కణాల్ని తెచ్చి ఈ ఖాళీ ఇంట్లో వదిలి, అవి ఎలా కాపురం చేస్తాయో గమనించడం.

మట్టిని బట్టే విత్తనం అన్న ఆలోచన పాతదే. 1889లో లండన్‌లో స్టీఫెన్ పాజెట్ అనే డాక్టరు రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది శవపరీక్షల వివరాలు ముందేసుకుని కూర్చున్నాడు. జబ్బు కాలేయానికి పాకినవి 241. ప్లీహానికి పాకినవి 17. రక్తం రెండింటికీ వెళ్తుంది కదా, మరి ఇంత తేడా ఎందుకని అడిగాడు. విత్తనాలు నలుదిక్కులా ఎగిరినా సరైన నేలమీద పడితేనే మొలుస్తాయని రాశాడు. ఆ తర్వాత చాలాకాలం అందరూ విత్తనం వెంటే పడ్డారు. తప్పుపట్టలేం. విత్తనం కంటికి కనిపిస్తుంది, నేల ఎప్పుడూ ఉండేదే కనుక కనిపించదు.

విత్తనం వెంట పడినవాళ్లలో మనవాడూ ఉన్నాడు, ఆ కథకి ఈ ఊరితో చిత్రమైన చుట్టరికమూ ఉంది. దొరాబ్జీ టాటా భార్య మెహర్‌బాయి 1931లో రక్త క్యాన్సర్‌తో పోయింది. అప్పటికి ఆ జబ్బుకి మందనదగ్గది లేదు. ఏడాది తిరక్కుండానే, తానూ కన్నుమూసే ముందు, దొరాబ్జీ ఆ జబ్బు మీద పరిశోధన కోసం ఆమె పేరిట ఒక ట్రస్టు పెట్టాడు. ఆమె మెడలో వేసుకున్న జూబిలీ వజ్రం 245 క్యారట్లు, కోహినూర్‌కి రెండింతల పైమాట. 1924లో ఇక్కడి ఉక్కు కంపెనీ కష్టాల్లో పడ్డప్పుడు దాన్ని కూడా తాకట్టు పెట్టారంటారు. తర్వాత అమ్ముడుపోయింది. ఆ డబ్బు దొరాబ్జీ పేరున్న వేరే ట్రస్టుకి చేరింది, ఆ ట్రస్టే 1941లో బొంబాయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రిని తెరిచింది. జంషెడ్‌పూర్‌లో మెహర్‌బాయి పేరున్న క్యాన్సర్ ఆసుపత్రి 1975లో వచ్చింది.

ఆమె పోయిన పదహారేళ్లకి, 1947 చివర్లో, బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకి అమినోప్టెరిన్ ఇవ్వడం మొదలుపెట్టాడు. ఆ మందు లెడర్లే ప్రయోగశాలలో భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు బృందం చేసి ఇచ్చింది. కణం పెరగడానికి కావలసిన ఫోలిక్ ఆమ్లం దారికి అడ్డం పడే మందు. కొందరు పిల్లలు కొన్నాళ్లపాటు తేరుకున్నారు. అంతకుముందు ఆ కొన్నాళ్లు కూడా ఎవరికీ దొరకలేదు. 1948 జూన్‌లో ఆ సంగతి అచ్చయింది, ఆగస్టులో సుబ్బారావు చనిపోయాడు. కణాన్ని ఆకలితో మాడ్చడమనే ఆ దారిలోనే ఈనాటికీ ఎందరో బతుకుతున్నారు. నేల సంగతి ఆలోచించేవాళ్లు ఆ దారిని చిన్నచూపు చూస్తే నాకు నచ్చదు.

అయినా నేల వదలదు. చదివినప్పటి నుంచీ మనసుని పట్టుకుని ఉన్న ప్రయోగం ఒకటుంది. కోళ్లలో క్యాన్సర్ తెచ్చే వైరస్‌ని 1911లోనే రౌస్ అనే శాస్త్రవేత్త కనిపెట్టాడు. 1984లో మీనా బిస్సెల్, డేవిడ్ డాల్‌బర్గ్ ఆ వైరస్‌ని గుడ్డులో ఉన్న పిండానికి ఎక్కించారు. వైరస్ కణాల్లోకి దూరింది, పనీ మొదలుపెట్టింది. కణితి మాత్రం రాలేదు. అవే కణాల్ని బయటికి తీసి గాజు పళ్లెంలో పెడితే వెంటనే క్యాన్సర్ రూపు దాల్చాయి. పెరిగిన కోడికి ఒక రెక్కలో వైరస్ ఎక్కించి రెండో రెక్కకి గాయం చేస్తే గాయమైన చోట కూడా కణితి లేచింది. పిండంలో ఉన్నన్నాళ్లూ వాటిని ఊరుకోబెట్టింది ఏమిటి? పేరు పెట్టి చెప్పగలిగిన ఒక్క వస్తువని అనిపించదు. చుట్టూ ఉన్నదంతా కలిసి ఊరుకోబెట్టినట్టుంది.

1997లో అదే బృందం ఇంకో అడుగు వేసింది. రొమ్ము క్యాన్సర్ కణాలు మాట్రిక్స్‌ని పట్టుకునే ఒక పట్టుని ప్రతిరక్షకంతో సడలించారు. కణాలు గుంపులు కట్టడం మాని, మామూలు రొమ్ములో ఉన్నట్టు గుండ్రటి తిత్తులుగా సర్దుకున్నాయి. వాటి జన్యువుల్లో దోషాలు అలాగే ఉన్నాయి. ఏదీ బాగుపడలేదు. అయినా సర్దుకున్నాయి.

ఇది చదివిన తర్వాత తృప్తి గురించి నాకున్న అభిప్రాయాలు కొంచెం కదిలాయి. లోపాలన్నీ పోయాకే నెమ్మది వస్తుందని ఎందుకో గట్టి నమ్మకం ఉండేది. 2004లో జూడా ఫోక్‌మన్, రఘు కల్లూరి రాసిన చిన్న వ్యాసం ఒకటుంది. వేరే కారణాలతో చనిపోయిన నలభై, యాభై ఏళ్ల మధ్య ఆడవాళ్ల శవపరీక్షల్లో మూడోవంతు కంటే ఎక్కువమందికి రొమ్ములో చిన్న చిన్న కణితులు కనిపించాయట. ఆ వయసులో నిజంగా జబ్బు బయటపడేది నూటికి ఒకరికి. మిగతావాళ్లు వంట చేసుకుంటూ, పిల్లల్ని బడికి పంపుతూ, ఆ సంగతే తెలియకుండా బతికేశారు. వాళ్ల ఒంట్లో ఏదో రోజూ కాపలా కాసింది. కాసిన దానికి జీతం లేదు, కృతజ్ఞత లేదు. ఈ పూట నా ఒంట్లో ఏమేం ఊరుకుని ఉన్నాయో నాకేం తెలుసు?

కడిగిన కణితుల దగ్గరికి తిరిగొస్తే, నన్ను అన్నిటికంటే ఎక్కువసేపు కూర్చోబెట్టింది స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పని. యోరాన్ లాండ్‌బెర్గ్ బృందం ఎందరో రోగుల రొమ్ము కణితుల్ని కడిగి, ఆ ఖాళీ అల్లికలన్నిటిలో ఒకే రకం కణాల్ని పెంచింది. కణాలు ఒకటే. ఇళ్లు వేరువేరు. కణాల నడత ఇంటింటికీ మారింది. ఆ మార్పుల్ని ఆ ఇంటి అసలు మనిషి కథతో పోల్చి చూస్తే, జబ్బు తిరగబెట్టిన వాళ్ల అల్లికల్లో కణాలు ఒక తీరుగా, తిరగబెట్టని వాళ్ల అల్లికల్లో ఇంకో తీరుగా ప్రవర్తించాయి. కణాలన్నీ కడిగేసిన తర్వాత కూడా ఆ ముక్కకి తన మనిషి సంగతి కొంత తెలుసు.

ఈ పనుల్లో వాడే కణాల్లో ఒక రకం పేరు ఎంసీఎఫ్-7. అవి 1970లో అమెరికాలో, మిషిగన్‌లో, ఒక క్రైస్తవ సన్యాసిని ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీటిలోంచి తీసినవి. ఆమెకి అప్పుడు అరవై తొమ్మిదేళ్లు. ఆమె ఆ ఏడే పోయింది. కణాలు మాత్రం లోకమంతా ప్రయోగశాలల్లో ఇంకా విభజన చెందుతూనే ఉన్నాయి. సంసారం వద్దనుకున్న మనిషి కణాలు, ఎక్కడో దూర దేశంలో, పేరు తెలియని ఆడవాళ్లు విడిచిన ఇళ్లలో కాపురం పెట్టాయి. దీన్ని ఏమనాలో తెలియదు. విషాదం అందామంటే అంత విషాదంగానూ లేదు.

తెలుగునాట కూడా కణాలు కడిగే పని జరుగుతోంది, కణితుల మీద కాదు, కంటి మీద. 2022లో హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, ఐఐటీ హైదరాబాద్, సీసీఎంబీ కలిసి, దానంగా వచ్చిన కళ్లలోని కార్నియా కణజాలాన్ని కణరహితం చేసి, దానితో చేసిన జిగురులో మూలకణాలు కలిపి, త్రీడీ ప్రింటర్‌తో కృత్రిమ కార్నియా తయారుచేశాయి. కుందేలు కంట్లో అమర్చి చూశారు. ఆ బృందంలోని ఐఐటీ ఆచార్యుడు ఫల్గుణి పతి అంతకుముందు, 2014లో, కొరియాలో ఇలా కడిగిన కణజాలాన్నే అచ్చు వేసే సిరాగా వాడిన పనిలో మొదటి రచయిత. ఒక చోట జబ్బు ఇంటిని అర్థం చేసుకోవడానికి కడుగుతున్నారు, ఇంకో చోట చూపుకి ఇల్లు కట్టడానికి.

అంతా సవ్యంగా ఉందనుకోవడానికి లేదు. మాట్రిక్సే కంచుకోట అయితే కోటతోనే తలపడదామన్న ఆలోచన చాలామందికి వచ్చింది. మాట్రిక్స్‌ని కోసే ఎంజైముల్ని అడ్డుకునే మందులు 1990లలో ఎంతో ఆశతో మొదలై మనుషుల మీద పరీక్షల్లో నిలవలేదు. క్లోమ క్యాన్సర్‌లో మాట్రిక్స్‌ని పల్చబరిచే ఎంజైము ఒకటి 2019లో పెద్ద పరీక్షలో విఫలమైంది. 2014లో ఎలుకల్లో, క్లోమ కణితి చుట్టూ అల్లిక కట్టే కణాల్ని తీసేస్తే జబ్బు తగ్గకపోగా ఇంకా మొండిగా తయారైంది. శత్రువుకి గోడ అనుకున్నది కొంతవరకు శత్రువు చుట్టూ కంచె కూడానట. పక్కనే ఉన్న కేబుల్ టౌన్ మీదుగా నడిచినప్పుడల్లా ఇది గుర్తొస్తుంది. కేబుల్ కంపెనీ 2000లో మూతపడింది. క్వార్టర్లలో జనం ఇంకా ఉన్నారు. ఏ గోడ ఏ బతుకుని ఆపి ఉంచుతోందో బయటి నుంచి చూసేవాడికి ఎలా తెలుస్తుంది.

కడిగిన ముక్కకీ ఒంటికీ మధ్య దూరం కూడా తక్కువేం కాదు. అందులో రక్తం పారదు, రోగనిరోధక కణాలు కాపలా తిరగవు. డిటర్జెంటు కణాలతో పాటు కొన్ని సున్నితమైన అణువుల్ని కూడా లాక్కుపోతుంది. ఇటలీలో పడువాలో పెద్దపేగు క్యాన్సర్ కణాల్ని ఇలాంటి అల్లికలో పెంచితే, మామూలు ప్లాస్టిక్ పళ్లెంలో ఒక మందుకి తేలిగ్గా చచ్చే కణాలు ఇక్కడ అదే మందుకి అంత తేలిగ్గా లొంగలేదు. ఒంట్లో జరిగేదానికి ఇది దగ్గరగా ఉంది. దగ్గరే, అదే కాదు. పేపర్లో క్యాన్సర్‌కి చెక్ అన్న శీర్షిక చూసినప్పుడల్లా నాకు ఈ దూరం గుర్తొచ్చి చిరాకేస్తుంది.

నేల, ఇల్లు, చుట్టూ ఉన్నది అని ఇంతసేపు ఆలోచిస్తుంటే ఒక భయం కూడా వేస్తుంది. మా పిన్నికి రొమ్ములో గడ్డ తీశాక ఆమె అందరినీ అడిగిన మాట ఒకటే. "నేనేం తప్పు చేశానే?" ఉపవాసాలు ఎక్కువయ్యాయా, దిగులు ఎక్కువైందా, ఈ ఊరి పొగా. వచ్చిన వాళ్లు కూడా తలో కారణం ఇచ్చి వెళ్లారు. నేల గురించిన జ్ఞానం ఇలా చేతికి దొరికితే కొరడా అవుతుంది. కానీ ఆ పరిశోధకులు చెప్పే నేల మనిషి స్వభావం కాదు, ఆమె గడిపిన జీవితం కాదు. మాంసంలో కంటికి కనపడని కొలాజెన్ పోగులు. వాటికి తప్పొప్పులు లేవు. పిన్నికి అంత వివరంగా చెప్పలేదు. ఆమె పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచాను.

ఆమె ఇంకో మాట కూడా అడిగింది, కొంచెం సిగ్గుపడుతూ. "తీసిన దాన్ని ఏం చేస్తార్రా?" పరీక్షకి పంపుతారన్నాను. "తర్వాత?" అంది. నా దగ్గర జవాబు లేకపోయింది. తన ఒంటి ముక్క ఎక్కడికి పోయిందోనన్న బెంగ అందులో ఉంది. నలభై ఏళ్లు రోజూ ఊడ్చిన ఇంటిని అప్పగించేసినప్పటి అమ్మ ముఖం లాంటిది ఆమె ముఖంలో కనిపించింది.

నాన్న రిటైరయ్యాక కూడా ‘ఏ’ షిఫ్టు భోంపుకే లేచేవాడు. మొహం కడుక్కుని, చొక్కా వేసుకుని, అరుగు మీద కూర్చునేవాడు. వెళ్లవలసిన చోటేమీ లేదు. మొదట్లో జాలేసేది. తర్వాత్తర్వాత ఆయన ఆ గంటని ఏం చేస్తున్నాడో గమనించాను. పాలవాడితో రెండు మాటలు, కొబ్బరిచెట్టు మీద కాకుల్ని చూడడం, సైకిళ్ల మీద వెళ్లే కుర్రాళ్లలో ఎవరు ఎవరి కొడుకో పోల్చుకోవడం. ఉద్యోగం పోయినా ఉద్యోగం అల్లిన పొద్దు మిగిలింది, అందులో ఆయన వేరే ఏదో నింపుకున్నాడు. అది అలవాటా, తృప్తా అని అడిగితే ఆయనే నవ్వేవాడు. నాకూ తేల్చాలని లేదు.

పిన్ని ప్రశ్నకి ఇప్పుడైతే కొంత జవాబుంది. రోగనిర్ధారణ అయ్యాక మిగిలిన ముక్కని, మనిషి ఒప్పుకుంటేనే, పరిశోధనకి తీసుకుంటారు. కణాలు కడిగిన కణితులతో మందుల్ని పరీక్షించే పని ఇంకా ప్రయోగశాల గడప దాటలేదు. ఏ రోగికి ఏ మందు పనిచేస్తుందో ముందే చెప్పగల రోజు వస్తుందో రాదో చూడాలి. వస్తే, అది ఆపరేషన్‌కి ముందు ఒక కాగితం మీద సంతకం పెట్టినవాళ్ల వల్ల వస్తుంది. వాళ్లలో చాలామందికి ఆ ఫలితం అందదని సంతకం పెట్టేటప్పుడే తెలుసు.